1951 షెవ్రొలే 3100 క్యాబిన్‌ను బాగుచేసిన విధానం

పైకి దృఢంగా కనిపించిన మా 1951 నాటి షెవ్రొలే 3100 పికప్‌లో రబ్బరు మ్యాట్ ఎత్తి చూడగా, నేల రేకూ క్యాబిన్ వెనుక మూలలూ తుప్పుపట్టి జల్లెడలా తూట్లు పడి ఉన్నాయి. ఆ మోడల్‌లో పెట్రోలు ట్యాంకు క్యాబిన్‌లోనే, సీటు వెనుక ఉంటుంది కాబట్టి, దానిని విప్పి దూరంగా పెట్టనిదే వెల్డింగ్ మొదలుపెట్టకూడదు. ఇక్కడ తొందర ప్రాణాంతకం. తలుపులు బిగించే ఉంచి, వాటి సందులు కొలుచుకుని, లోపల తాత్కాలికంగా అడ్డకడ్డీలు అతికించాకే కుళ్లిన రేకు కోశాను. లేకపోతే క్యాబిన్ వంగిపోయి తలుపులు సరిగా పట్టవు. కొత్త రేకు వేడికి ముడుచుకోకుండా, చుక్కలు చుక్కలుగా వెల్డ్ చేసి చల్లారనిస్తూ సాగి, అతుకులపై తుప్పును అడ్డుకునే ఎపాక్సీ ప్రైమర్, ఆపై సందుల్లోకి నీరు దిగకుండా మూసే సీమ్ సీలర్ పూశాను. సీటు స్ప్రింగులు గట్టిగానే ఉన్నందున కొత్త ఫోము, గోధుమరంగు రెగ్జిన్ సరిపోయాయి. నా దృష్టిలో సీటు సొగసు కన్నా ముందద్దం రబ్బరు ముఖ్యం; పాతది ఎండి పగిలి నీరు కారడం వల్లే నేల పాడైంది కనుక, దానిని కూడా మార్చాను.