పీఏహెచ్‌కి ఇంట్లో ఐవీ మందు జాగ్రత్తగా ఎలా వాడాలి?

మా అక్క ఉండేది అమెరికాలో. పల్మనరీ ఆర్టీరియల్ హైపర్‌టెన్షన్ (పీఏహెచ్), అంటే గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే ధమనుల్లో ప్రెషర్ పెరిగిపోవడం, ఆమెకి ఉందని తేలాక సిరలోకి (ఐవీ) ఎక్కించే ఎపోప్రోస్టెనాల్ అనే మందు పెట్టి ఇంటికి పంపారు. మెడ దగ్గర పెద్ద సిరలోకి వేసిన సన్నటి గొట్టం ఛాతీ చర్మం కింద నుంచి వచ్చి బయటికి తేలుతుంది, దానికి నడుముకి కట్టుకునే చిన్న పంపు, అది పగలూ రాత్రీ నడుస్తూనే ఉండాలి. ఆమెతో ఉండి నేర్చుకున్నవి ఇవి. డోసు, రేటు మాత్రం డాక్టరు చెప్పినదే, అందులో మన సొంత నిర్ణయం ఏదీ ఉండకూడదు.

ముందుగా ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి. ఈ మందు రక్తంలో సుమారు 6 నిమిషాల్లోనే సగానికి పడిపోతుంది. పంపు ఆగితే ఆయాసం, కళ్లు తిరగడం త్వరగానే మొదలవుతాయి, ఉన్నట్టుండి ఆపేస్తే ప్రాణానికే ప్రమాదం. ఇదే జాతికి చెందిన ట్రెప్రోస్టినిల్‌కి దాదాపు 4 గంటలు పడుతుంది కాబట్టి కాస్త వెసులుబాటు ఉంటుంది, అయినా దాన్నీ ఆపకూడదు. అందుకే రెండో పంపు, కొత్త బ్యాటరీలు, అదనపు క్యాసెట్ (పంపుకి తగిలించే మందు డబ్బా), ట్యూబింగ్ ఎప్పుడూ చేతికి అందేలా ఒకే సంచిలో ఉండాలి. మందు పంపే స్పెషాలిటీ ఫార్మసీ వాళ్ల 24 గంటల నర్సు నంబరు ఫ్రిజ్ మీద అంటించండి.

మందు కలపడం: తొందర లేని సమయం చూసుకోండి. మేము రాత్రి భోజనాలయ్యాక టేబుల్ తుడిచి, ఫ్యాన్ ఆపి, పిల్లల్ని పక్క గదిలోకి పంపి కూర్చుంటాం. చేతులు సబ్బుతో బాగా కడుక్కుని, ప్రతి వయల్ రబ్బరు మూతనీ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వాలి. ఏ ద్రావకం చెప్పారో అదే వాడాలి, బ్రాండు మారితే ద్రావకం మారొచ్చు, ఐస్ ప్యాక్ అవసరమా కాదా అన్నదీ మారొచ్చు, ఎన్ని గంటలు నిలవ ఉంటుందన్నదీ మారొచ్చు. వయల్‌ని గట్టిగా కుదపకండి, మెల్లగా తిప్పండి. ఈ మందుని నానోగ్రాముల్లో లెక్కేస్తారు, సాధారణంగా మొదలుపెట్టేదే కిలో బరువుకి నిమిషానికి 2 నానోగ్రాములు. గ్రాములో వంద కోట్లో వంతు అన్నమాట, కాబట్టి ఒక్క వయల్ తేడా వచ్చినా డోసు ఎంతో మారిపోతుంది. మేము కాగితం మీద రాసిన సంఖ్యని ఒకరు పైకి చదివితే ఇంకొకరు పంపు తెర మీద చూసి సరిచూస్తాం.

క్యాసెట్ మార్చేటప్పుడు గొట్టం క్లాంప్ (గొట్టాన్ని నొక్కి మూసే క్లిప్పు) మూసి, మార్చి, పంపు మొదలుపెట్టే ముందు క్లాంప్ తెరవండి. చాలామంది మర్చిపోయేది ఈ చివరిదే! అక్క అయితే ప్రతిసారీ వేలితో ఆ క్లాంప్‌ని తడిమి చూసుకుని, పంపు తెర మీద నడుస్తున్నట్టు కనిపించాకే లేస్తుంది.

లైన్, అంటే ఛాతీలోంచి వచ్చే ఆ గొట్టం, విషయంలో అసలు భయం ఇన్‌ఫెక్షన్. అది నేరుగా రక్తంలోకి వెళ్తుంది. డ్రెస్సింగ్ చెప్పిన రోజుకి మార్చండి, తడిస్తే వెంటనే మార్చండి. స్నానానికి ముందు గొట్టం అతుకులన్నీ నీళ్లు తగలకుండా కప్పాలి, చెరువులో, స్విమ్మింగ్ పూల్‌లో మునగడం వద్దు. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, వణుకు వచ్చినా, గొట్టం బయటికొచ్చే చోట ఎర్రబడినా, చీము కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఫోన్ చేయండి.

ఇంకా ముఖ్యమైనది, ఈ లైన్‌ని ఎవరూ ఫ్లష్ చేయకూడదు, అంటే సిరంజీతో సెలైన్ తోసి గొట్టాన్ని కడగకూడదు. అందులోంచి రక్తం తీయకూడదు, వేరే మందు ఎక్కించకూడదు. ఒకసారి ఎమర్జెన్సీకి వెళ్తే అక్కడి నర్సు, మామూలు లైన్ అనుకుని, సెలైన్ సిరంజీతో వచ్చేసింది. గొట్టంలో ఉన్న మందంతా ఒక్కసారిగా లోపలికెళ్తే బీపీ పడిపోతుంది. అక్క ఛాతీ మీద చెయ్యి అడ్డం పెట్టి "నో ఫ్లష్" అని అరిచింది. అప్పటి నుంచి పంపు సంచి మీద ఆ మాటే పెద్ద అక్షరాలతో రాసి అంటించాం, పర్సులో మందు పేరు, డోసు, పంపు రేటు, డాక్టరు నంబరు ఉన్న కార్డు ఉంటుంది. గొట్టం ఊడినా, మూసుకుపోయినా 911కి ఫోన్ చేసి, చేతి నరానికి ఐవీ పెట్టి ఇదే మందు నడపమని మీరే చెప్పాలి, రెండో పంపు సంచితో సహా వెళ్లాలి.

ఈ మందుతో వచ్చే దవడ నొప్పి గురించి ముందే తెలిస్తే కంగారు ఉండదు, మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే చురుక్కుమని నాలుగు ముద్దలయ్యేసరికి తగ్గుతుంది. ముఖం వేడెక్కి ఎర్రబడటం, తలనొప్పి, విరేచనాలు, కాళ్ల నొప్పులు కూడా మామూలే. కానీ ఇవి ఒక్కసారిగా బాగా పెరిగితే డోసు ఎక్కువవుతోందేమో, ఆయాసం పెరిగితే మందు అందడం లేదేమో అని అనుమానించి పంపు, క్లాంప్, గొట్టం చూసుకుంటూనే నర్సుకి ఫోన్ చేయండి. రేటు మీరు మార్చొద్దు.

హైదరాబాద్ ప్రయాణమైతే విమానంలో ఆక్సిజన్ కావాలేమో డాక్టర్ని ముందే అడగండి, ఆలస్యాలు కలుపుకుని కావలసినదానికంటే ఎక్కువ మందు, రెండు పంపులు, డాక్టరు లెటరు అన్నీ చేతి సామానులోనే పెట్టుకోండి. చెక్-ఇన్ పెట్టెలో వేస్తే, అది దారి తప్పిన రోజున చేతిలో మందే ఉండదు.