క్లబ్ మీటింగుకు వక్తను పిలవడం ఎలా?

ఒకసారి మా సేవా క్లబ్ మీటింగుకు కంటి డాక్టరుగారిని పిలిచాం. స్వాగతం, ప్రెసిడెంటుగారి మాట, పుట్టినరోజు కేకు, శాలువాలు అయ్యేసరికి రాత్రి తొమ్మిదింపావు. కూరలు చల్లారిపోతున్నాయని వంటవాళ్ళు గుమ్మంలోంచి సైగలు. డాక్టరుగారు ఏడు నిమిషాలు మాట్లాడి కూర్చున్నారు. మర్నాడు పేపర్లో ఫొటో మాత్రం బాగా వచ్చింది. ఆ తర్వాత కార్యక్రమాల బాధ్యత నా మీద పడింది. అప్పటినుంచి ఇలా చేస్తున్నాను.

1. ముందు పని, తర్వాత మనిషి

రోటరీ, లయన్స్ క్లబ్బులకు కొత్త సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. కాబట్టి జూన్‌లోనే క్యాలెండరు ముందేసుకుని కూర్చోండి. వానలు పడి పొలం పనులు మొదలయ్యే రోజుల్లో పాముకాటు గురించి, ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8 వరకు నేత్రదాన పక్షోత్సవాలు, అక్టోబరు 1న రక్తదాన దినం, 24న పోలియో దినం. ఏ నెల ఏ సేవ చేస్తారో రాసుకున్నాకే, దాని గురించి ఎవరు చెప్పగలరో వెతకండి.

2. పెద్ద పేరు అక్కర్లేదు

పెద్ద అధికారి వస్తే హాలు నిండుతుంది, నిజమే. కానీ చివరి నిమిషంలో వీడియో కాన్ఫరెన్స్ పడిందంటే మీ టెన్షన్ చూడాలి! పాముకాటు గురించి ఏరియా ఆసుపత్రి డాక్టరుతో పాటు 108 అంబులెన్సులో పనిచేసే టెక్నీషియన్ను కూడా పిలవండి. కట్లు బిగించకూడదని, గాటు పెట్టకూడదని, నాటువైద్యుడి దగ్గర ఆలస్యం చేయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళాలని ఆయన చెబితే ఊరు వింటుంది.

3. సందేహాలు ముందే రాసివ్వండి

ఆహ్వానపత్రం ఒక్కటే ఇస్తే వక్త తన పాత ఉపన్యాసమే పట్టుకొస్తారు. సభ్యుల్ని, వాళ్ళ ఇళ్ళలోవాళ్ళని అడిగి, జనం నిజంగా అనుకునేవి కాగితం మీద పెట్టి ఇవ్వండి. నేత్రదానం సంగతే తీసుకోండి. “కళ్ళు ఇచ్చేస్తే వచ్చే జన్మలో గుడ్డివాళ్ళుగా పుడతారటగా?” అని మాకు ఒక పెద్దావిడ రాసిచ్చారు. ఇంకొకరు ముఖం వికారంగా అయిపోతుందేమోనని, మరొకరు శుక్లాల ఆపరేషన్ అయినవాళ్ళు పనికొస్తారా అని. ముఖం పాడవదు. శుక్లాల ఆపరేషన్, కళ్ళజోడు అడ్డు కావు. మరణించిన ఆరు గంటల్లోపు కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, తీయాలి, ఐ బ్యాంకు వాళ్ళు ఇంటికే వస్తారు. ఈలోగా ఫ్యాను ఆపి, రెప్పలు మూసి, వాటిపై తడి దూది ఉంచి, తల కింద దిండు పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, బతికుండగా హామీపత్రం రాసినా ఆ సమయానికి ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవాలి. అందుకే ఆ మీటింగుకు కుటుంబాలతో రమ్మనండి.

4. మా నుంచి ఏం కావాలో అడగమనండి

1925లో అమెరికాలోని ఒహాయోలో జరిగిన లయన్స్ మహాసభకు చూపు, వినికిడి లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ అతిథిగా వచ్చారు. చూపులేనివాళ్ళ కోసం పనిచేయండని సూటిగా అడిగారు. ఇవాళ మన ఊళ్ళలో లయన్స్ కంటి శిబిరాలు జరుగుతున్నాయంటే దాని మూలం అక్కడుంది. మీ వక్తకూ అదే చెప్పండి. చివర్లో క్లబ్బుకు ఒక్క పని అప్పగించాలి, చేయగలిగినది.

5. ఆ రోజు

ఉపన్యాసం ముందు, సన్మానం తర్వాత. పరిచయం మూడు వాక్యాలు చాలు. ప్రసంగానికి ఇరవై నిమిషాలు, ప్రశ్నలకు పదిహేను. మైకు సాయంత్రమే చూసుకోండి. వందన సమర్పణ చేసేవారిని ఉపన్యాసం మళ్ళీ మొదటినుంచి చెప్పొద్దని ముందే బతిమాలుకోండి.

6. భోజనానికి లేవకముందే

తేదీ, బాధ్యులు అక్కడే ఖరారు చేయండి, వక్త ఎదురుగానే. రక్తదాన శిబిరమైతే లైసెన్సున్న బ్లడ్ బ్యాంకుతో మాట్లాడేదెవరు, 18 ఏళ్ళు నిండి, బరువు కనీసం 45 కిలోలున్న దాతల జాబితా రాసేదెవరు? నేత్రదానం మీటింగు తర్వాత మేం ఐ బ్యాంకు నంబరుతో స్టిక్కర్లు వేయించి ఇంటింటికీ ఇచ్చాం, గ్యాస్ బుకింగ్ నంబరు పక్కనే అంటించుకోమని. చావు ఇంట్లో ఎవరూ నంబరు వెతికే స్థితిలో ఉండరు.

నెల తిరిగాక వక్తకు ఫోన్ చేసి, ఎన్ని ఇళ్ళకు వెళ్ళారో, జనం ఏమన్నారో చెప్పండి.