లోలకం ప్రయోగంలో ‘సున్నా’తో మొదలుపెట్టండి

ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాయి కాబట్టి మన అనంతపురం ఇంటర్ పిల్లలకు ఒక మాట. లఘులోలకం (దారానికి వేలాడే గుండు) ప్రయోగంలో స్టాప్‌వాచ్ నొక్కగానే ‘సున్నా’ అనండి. ‘ఒకటి’ అని మొదలుపెడితే జరిగేది 19 డోలనాలే, రికార్డులో పడేది 20. దాంతో జి (గురుత్వ త్వరణం) విలువ దాదాపు 11 శాతం పెరిగి 1080 సెం.మీ./సె² దాటిపోతుంది. తప్పు లెక్కపెట్టడంలో ఉంటే, పాపం, నింద దారం మీదికి పోతుంది!

గుండు చివర ఆగే చోట కాదు, మధ్యలో వేగంగా దాటే చోట నొక్కండి. ఆ క్షణం కంటికి స్పష్టంగా చిక్కుతుంది. పొడవు గుండు కేంద్రం దాకా. ఎండ మండుతున్నా సరే, ఫ్యాన్ ఆపాల్సిందే.

ఇంకోటి, జి విలువ పుస్తకంలోలా 980 రాలేదని అంకెలు దిద్దకండి. మన అక్షాంశానికి, ఎత్తుకు జి అసలే 978 సెం.మీ./సె² దగ్గర ఉంటుంది.