సీలింగ్ మీద మానుపిల్లి: నా అనుభవం

రాత్రి పదకొండు దాటితే ఫాల్స్ సీలింగ్ మీద దడదడమని పరుగులు. ఎలుకలే అనుకున్నాం. ఓ పొద్దున డాబా మీద సపోటా గింజలతో నిండిన పెంట కనిపించాక అర్థమైంది, మానుపిల్లి అని (చెట్ల మీద తిరిగే, పునుగుపిల్లి జాతి జంతువు). సికింద్రాబాద్‌లో పాత చెట్లున్న మా వీధికి ఇది కొత్తేం కాదట.

కలరా ఉండలు, రాత్రంతా లైటు, రేడియో, ఏవీ పనిచేయలేదు. బోను జోలికి పోలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు.

పనిచేసింది ఇది. సాయంత్రం డాబా గోడ పొడవునా బియ్యప్పిండి చల్లాను. (ముగ్గు వంకర పోయిందని అత్తయ్య నవ్వు.) అడుగులు పాత ఎగ్జాస్ట్ ఫ్యాన్ కంత దగ్గర ఆగాయి. మూడు రాత్రులు చెవి ఒగ్గి విన్నా, పిల్లల కూతలు లేవు. నాలుగో రోజు కంత ముందు మళ్లీ పిండి చల్లాను. తొమ్మిదింటికి బయటికి వెళ్లిన అడుగులు కనిపించగానే గట్టి ఇనుప జాలీ స్క్రూలతో బిగించాను. మర్నాడు డాబాకు ఆనుకున్న మామిడి కొమ్మ కొట్టించాను.

రెండు నెలలుగా చప్పుడు లేదు. మాకు ఒకటే కంత కాబట్టి కుదిరిందేమో, పెంకుటిళ్లకు కష్టం. లోపల పిల్లలుంటే మాత్రం అవి ఎదిగి వెళ్లేదాకా మూయకండి.