ఆడియో ఉంది, లింకులు పోయాయి: పాడ్‌కాస్ట్ నోట్స్ సమస్యలు - పరిష్కారాలు

పదిమంది కలిసి నడిపే పాడ్‌కాస్ట్‌లో ఆడియో అంత తేలిగ్గా పోదు. సర్వర్‌లో ఒక కాపీ, ఎడిట్ చేసినవాళ్ల దగ్గర ఒకటి, డౌన్‌లోడ్ చేసుకున్న శ్రోతల దగ్గర ఇంకొన్ని ఉంటాయి. ముందు పోయేది దాని వెంట ఉండే సరంజామానే: ఎపిసోడ్ కింద రాసే నోట్స్, వాటిలోని లింకులు, బొమ్మలు. "సర్క్యూట్ బొమ్మ నోట్స్‌లో పెట్టాను, చూస్తూ వినండి" అని ఎపిసోడ్‌లో అంటారు. ఆ బొమ్మ పోయాక మిగతా అరగంట విన్నా ఏమీ బోధపడదు.

లింక్ నొక్కితే 404 (పేజీ దొరకలేదు) అని వస్తోంది

పేజీని తీసేసి ఉంటారు, లేదా సైట్ మార్చినప్పుడు చిరునామా మారి ఉంటుంది. ఇది అరుదేమీ కాదు. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత అందుబాటులో లేవని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో లెక్క చెప్పింది.

పాత చిరునామాను వేబ్యాక్ మెషీన్‌లో వెతకండి. ఇది వెబ్ పేజీల పాత కాపీలను దాచి ఉంచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి సేవ. దొరికిన కాపీల్లో అన్నిటికంటే కొత్తది తీసుకోకండి, అందులో ఆ 404 పేజీయే భద్రంగా ఉండొచ్చు! ఎపిసోడ్ విడుదలైన తేదీకి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోండి. కాపీ చిరునామాలో 14 అంకెలు ఉంటాయి: సంవత్సరం, నెల, రోజు, గంట, నిమిషం, సెకను. 20210315 అని మొదలైతే అది 2021 మార్చి 15న తీసిన కాపీ. దాన్ని అసలు లింక్ పక్కన చేర్చండి, అసలు లింక్ మాత్రం చెరపకండి. వేబ్యాక్‌లో వెతకడానికి ఆ చిరునామాయే ఆధారం.

ఇకముందు ఎపిసోడ్ విడుదల చేసిన రోజే ప్రతి లింక్‌నూ వేబ్యాక్‌లో కాపీ తీయించే 'సేవ్ పేజ్ నౌ'లో ఇచ్చేయండి. ఇచ్చి ఊరుకోకుండా, వచ్చిన కాపీని ఒకసారి తెరిచి చూడండి. లాగిన్ వెనకున్న పేజీలు అందులోకి రావు, వీడియోలు చాలాసార్లు ఆడవు. నోట్స్‌లో "ఇక్కడ చూడండి" అని మాత్రం రాయొద్దు. పేజీ శీర్షిక, రాసినవారి పేరు, తేదీ రాస్తే, లింక్ చచ్చినా వెతుక్కోవడానికి ఏదో ఒకటి మిగులుతుంది.

లింక్ తెరుచుకుంటోంది, కానీ పేజీ వేరే

ఇది 404 కంటే ప్రమాదం. డొమైన్ (సైట్ పేరు) గడువు తీరాక ఇంకెవరో కొనుక్కుని అక్కడ ప్రకటనలు పెట్టుకుంటారు. లింకులు తనిఖీ చేసే టూల్‌కి 200 (పేజీ సరిగ్గా వచ్చింది) అనే జవాబు వస్తుంది కాబట్టి అంతా బాగుందనే చెబుతుంది. అప్పుడప్పుడు మనిషి కంటితో చూడక తప్పదు.

కోడ్ లింకులది ఇంకో రకం తంటా. 'మెయిన్' బ్రాంచ్‌లో, అంటే ఎప్పటికప్పుడు మారే తాజా కోడ్‌లో, 40వ లైన్‌కి లింక్ ఇస్తే, రేపు పైన నాలుగు లైన్లు చేరగానే అది వేరే లైన్‌కి పోతుంది. కమిట్‌కి (కోడ్ ఒక సమయంలో ఎలా ఉందో భద్రపరిచిన రూపానికి) కట్టిన శాశ్వత లింక్ ఇవ్వండి. కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్‌లో ఫైల్ తెరిచి 'వై' కీ నొక్కితే చిరునామా అలా మారిపోతుంది. పొడుగు చిరునామాను కుదించి ఇచ్చే పొట్టి లింకులు అసలే వాడొద్దు, ఆ సేవ మూతపడితే లింకూ పోతుంది. గూగుల్ తన షార్ట్‌నర్ (లింకులు కుదించే సేవ)లో కొత్త లింకులు ఇవ్వడం 2019లోనే ఆపేసింది.

"యాక్సెస్ కోసం అడగండి" అని వస్తోంది

ఫైల్ ఎవరో ఒక సభ్యుడి సొంత డ్రైవ్‌లో ఉందన్నమాట. వాలంటీర్లు వస్తుంటారు, పోతుంటారు, వాళ్లతో ఖాతాలూ పోతాయి. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023లో తెచ్చింది.

ఆ సభ్యుడు అందుబాటులో ఉన్నప్పుడే ఫైల్ తెప్పించుకుని ఆడియో ఎక్కడ ఉందో అక్కడే పెట్టండి. నా లెక్కలో అసలైన మందు ఇదొక్కటే: మనం తయారుచేసింది ఏదైనా ఆడియోతో ఒకే చోట ఉండాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఒకే ఐటమ్ కింద ఆడియో, బొమ్మలు, స్క్రిప్టు అన్నీ పెట్టొచ్చు. సామగ్రికి కూడా క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ (ఇతరులు వాడుకోవడానికి ముందే ఇచ్చే అనుమతి) ముందే పెట్టేసుకుంటే, రేపు ఇంకో చోటికి మార్చడానికి ఒక్కొక్కరినీ బతిమాలుకునే పని ఉండదు.

సైట్‌లో కనిపించే బొమ్మ యాప్‌లో రావట్లేదు

నోట్స్‌లో బొమ్మకి సగం చిరునామా ఇచ్చి ఉంటారు. సైట్‌లోనైతే మిగతా సగం బ్రౌజర్ కలుపుకుంటుంది. యాప్ చేతికి వచ్చేది ఆర్ఎస్ఎస్ ఫీడ్ (ఎపిసోడ్ల వివరాలు పంపే ఫైల్) మాత్రమే, దానికి ఆ సంగతి తెలియకపోవచ్చు. 'హెచ్‌టీటీపీఎస్'తో మొదలయ్యే పూర్తి చిరునామా రాయండి. కొన్ని యాప్‌లు బొమ్మలు అసలు చూపించవు కాబట్టి కింద మామూలు లింక్ కూడా ఉంచండి.

తెలుగు పేరున్న ఫైల్ లింక్ మధ్యలో తెగిపోతోంది

'తెలుగు' అని రాయడానికి గుణింతపు గుర్తులతో కలిపి ఆరు సంకేతాలు పడతాయి. కంప్యూటర్ అక్షరాలను దాచే పద్ధతి యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్లు, చిరునామాలో ఒక్కో బైటుకి శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు. మొత్తం 54! ఇంత పొడుగు చిరునామాని కాపీ చేసేటప్పుడు, మెయిల్‌లో పంపేటప్పుడు ఎక్కడో ఒకచోట తెగుతుంది. పేరులో ఖాళీ ఉన్నా ఇదే గొడవ, అది %20 అవుతుంది.

ఫైల్ పేరు చిన్నబడి ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, హైఫన్‌తోనే పెట్టండి. ముందు ఎపిసోడ్ నంబర్ 0042 లాగా నాలుగు అంకెల్లో ఉంటే వరస తప్పదు. చక్కటి తెలుగు శీర్షిక పేజీలో కనబడితే చాలు. పెద్దబడి అక్షరాలు కలిపితే మీ ల్యాప్‌టాప్‌లో పనిచేసిన లింక్ లినక్స్ సర్వర్‌లో పనిచేయకపోవచ్చు, అక్కడ పెద్దబడి, చిన్నబడి వేరువేరు పేర్లు.

ఫైల్ ఉంది, తెరుచుకోవట్లేదు

ముందు సైజు చూడండి, సున్నా ఉంటే అప్‌లోడ్ సగంలో ఆగిపోయి ఉండొచ్చు. సైజు సరిగ్గానే ఉంటే ఎస్‌హెచ్‌ఏ-256 విలువని (ఫైల్ ఏ మాత్రం మారినా మారిపోయే వేలిముద్ర లాంటిది) అసలు ఫైల్ విలువతో పోల్చండి. రెండూ ఒకటే అయితే చిక్కు ఫార్మాట్‌లో ఉంది. స్లైడ్లకి పీడీఎఫ్, పట్టికలకి సీఎస్‌వీ, స్క్రిప్టుకి మామూలు టెక్స్ట్ కాపీ జతచేయండి.

పోతుందన్న భయంతో ఇతరుల వ్యాసమే కాపీ చేసి పెట్టారు

తీసేయండి. వారి అనుమతి లేనిదే అది మనం పంచేది కాదు. వేబ్యాక్ లింక్, మీ మాటల్లో నాలుగు వాక్యాల సారాంశం సరిపోతాయి. సభ్యులు పంపిన ఫొటోలైతే పెట్టేముందు వాటిలోని లొకేషన్ వివరాలు తీసేయండి. ఆర్కైవ్‌లోకి వెళ్లి, నలుగురూ డౌన్‌లోడ్ చేసుకున్నాక వెనక్కి తెచ్చుకోలేం.