గొంతు నొప్పికి అజిత్రోమైసిన్ కొనేముందు

చలి మొదలైతే చాలు, మన హైదరాబాద్‌లో ఏ గల్లీ మెడికల్ షాపులో చూసినా ఇదే మాట: "గొంతు నొప్పి అన్నా, అజిత్రోమైసిన్ ఇయ్యి." కాస్త ఆగండి. ఫోన్ టార్చి వేసి, పిల్లాడిని "ఆ" అనమని గొంతులోకి చూడండి. ముక్కు కారుతూ దగ్గు కూడా ఉంటే చాలావరకు వైరస్సే, దాని మీద అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయోటిక్ పనిచేయదు. దగ్గు లేకుండా 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరం, టాన్సిల్స్ మీద తెల్లటి చీము మచ్చలు, దవడ కింద నొప్పిగా గడ్డలు ఉంటే మాత్రం స్ట్రెప్ బ్యాక్టీరియా కావొచ్చు. డాక్టరుకు చూపించి, అవసరమైతే గొంతు స్వాబ్ పరీక్ష (దూదిపుల్లతో గొంతులోంచి నమూనా తీసి చేసేది) చేయించండి. పెన్సిలిన్ రకం మందు రాస్తే మామూలుగా 10 రోజుల కోర్సు. మూడో రోజుకే పిల్లాడు గల్లీలో క్రికెట్ ఆడుతుంటాడు, సిరప్ సీసా ఫ్రిజ్‌లో మిగిలిపోతుంది. అక్కడే వస్తుంది చిక్కు. పూర్తిగా నయం కాని స్ట్రెప్ వల్ల రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతినొచ్చు.

నొప్పికి గోరువెచ్చని ఉప్పు నీళ్లు పుక్కిలించడం, బరువుకు తగ్గ పారాసిటమాల్ చాలు. పిల్లలకు ఆస్పిరిన్ వద్దు. ఐస్‌క్రీమ్ కూడా గొంతుకు హాయిగానే ఉంటుంది (నానమ్మకు చెప్పకండి). నోరు తెరవలేకపోయినా, చొంగ మింగలేకపోయినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.