ఆఫ్‌సెట్ అంటే అచ్చు ఒక్కటే కాదు

హన్మకొండలో ప్రెస్సుల బోర్డులు చూసి చాలామంది పిల్లలు ఆఫ్‌సెట్ అంటే అచ్చు పని అనే అనుకుంటారు. బ్యాంకు పరీక్షలో అదే మాట క్రియగా కనిపిస్తే టెన్షన్ పడతారు. అక్కడ దాని అర్థం, ఒకవైపు పోయినదాన్ని ఇంకోవైపు వచ్చినది పూడ్చడం. మన ‘చెల్లుకు చెల్లు’ దీనికి బాగా దగ్గర.

ఎనుమాముల మార్కెట్‌కు తెచ్చే మిర్చినే తీసుకోండి. ఎకరానికి 20 క్వింటాళ్లు రావాల్సింది 16 వచ్చాయి, ధర మాత్రం క్వింటాకు 12,000 నుంచి 15,000కు పెరిగింది అనుకుందాం. ఎటు లెక్కేసినా 2,40,000 రూపాయలే. అంటే పెరిగిన ధర దిగుబడి నష్టాన్ని ఆఫ్‌సెట్ చేసింది.

ఇంగ్లిష్ వాక్యంలో పూడ్చేది ముందు, నష్టం తర్వాత వస్తుంది. నష్టంతో మొదలుపెడితే ‘బై’ తప్పనిసరి: ‘ది లాస్ వాజ్ ఆఫ్‌సెట్ బై హయ్యర్ ప్రైసెస్’. ఇంకో ముఖ్యమైన సంగతి, భూతకాలంలో కూడా ఆఫ్‌సెట్ అనే రాయాలి. ‘ఆఫ్‌సెటెడ్’ అని మాత్రం రాయకండి, ఎక్కువమంది మార్కు పోగొట్టుకునేది అక్కడే.

అయితే విషానికి మందు విరుగుడుగా పనిచేయడం లాంటి చోట ఆఫ్‌సెట్ కాదు, ‘కౌంటరాక్ట్’ (ఒకదాని ప్రభావాన్ని అడ్డుకోవడం) నప్పుతుంది.